మైనస్ గుర్తు నుంచి ప్రధాన సంఖ్యల దాకా: పూర్ణ సంఖ్యలతో తప్పుల్లేకుండా లెక్క చేయడం ఎలా?

−3 − 5 ఎంత? పదో తరగతి దాటినవాళ్లలో కూడా కొందరు తడుముకోకుండా +8 అంటారు. ఎందుకని అడిగితే, "మైనస్, మైనస్ కలిస్తే ప్లస్ కదా!" అంటారు. ఆ నియమం నిజమే, కానీ అది గుణకారానిది. ఇక్కడ గుణకారమే లేదు. పూర్ణ సంఖ్యల లెక్కల్లో జరిగే పొరపాట్లలో చాలా వరకు ఇలాంటివే. సూత్రం తెలియక కాదు, ఒక చోటి సూత్రాన్ని తెచ్చి ఇంకో చోట పెట్టడం వల్ల జవాబు చెడుతుంది. అందుకే ఇక్కడ ప్రతి నియమం పక్కనే అది ఎక్కడ చెల్లదో కూడా చెబుతున్నాం.

ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లకు, పోటీ పరీక్షల కోసం చాలా ఏళ్ల తర్వాత అంకగణితం మళ్లీ తెరిచినవాళ్లకు ఇది పనికొస్తుంది. గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, రెండు రంగుల పెన్నులు దగ్గర పెట్టుకోండి. క్యాలిక్యులేటర్ ప్రస్తుతానికి పక్కన ఉంచండి, దాని సంగతి తర్వాత చూద్దాం.

మొదటి మెట్టు: ఏ సంఖ్య ఏ గుంపులోది?

1, 2, 3, 4… ఇవి సహజ సంఖ్యలు. వీటికి 0 చేరిస్తే పూర్ణాంకాలు. −1, −2, −3… కూడా చేరిస్తే పూర్ణ సంఖ్యలు. చివరి రెండు పేర్లూ వినడానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రశ్నను నిదానంగా చదవండి. "పూర్ణాంకం రాయండి" అంటే −4 రాయకూడదు, "పూర్ణ సంఖ్య రాయండి" అంటే రాయవచ్చు.

రూపాన్ని కాదు, విలువను చూసి తేల్చాలి. 6/2 భిన్నంలా కనిపించినా విలువ 3, కాబట్టి పూర్ణ సంఖ్యే. −15/5 కూడా అంతే. −4.5, 2/3 మాత్రం కావు. సున్నా ధన సంఖ్యా కాదు, రుణ సంఖ్యా కాదు. అయితే అది సరి సంఖ్యే, 2తో భాగిస్తే శేషం మిగలదు కాబట్టి.

రెండో మెట్టు: సంఖ్యారేఖ గీసి పోల్చడం

నోటుబుక్కులో అడ్డంగా 20 గళ్ల పొడవున గీత గీయండి. సరిగ్గా మధ్యలో 0 పెట్టి, కుడివైపు గడికొకటి చొప్పున 1 నుంచి 10, ఎడమవైపు −1 నుంచి −10 రాయండి. ఎడమవైపు రాసేటప్పుడు సున్నా పక్కన −10తో మొదలుపెట్టడం పిల్లలు మామూలుగా చేసే తప్పు. సున్నాకు ఆనుకుని ఉండాల్సింది −1.

ఇక నియమం ఒక్కటే: రేఖ మీద కుడివైపున్నది పెద్దది. −3 కుడివైపు, −7 ఎడమవైపు ఉన్నాయి కాబట్టి −7 < −3. సున్నా నుంచి ఉన్న దూరాన్ని పరమ మూల్యం అంటారు, |−7| = 7 అని రాస్తారు. రుణ సంఖ్యల్లో పరమ మూల్యం పెరిగేకొద్దీ విలువ తగ్గుతుంది. −12, 4, 0, −3, −25 లను ఆరోహణ క్రమంలో పెట్టాలంటే, ముందు మైనస్ ఉన్నవాటిని విడదీయండి. గుర్తులు లేవనుకుని 25, 12, 3 అని పెద్దదాని నుంచి పేర్చండి, మళ్లీ గుర్తులు తగిలించండి. తర్వాత 0, ఆ తర్వాత 4. అంటే −25, −12, −3, 0, 4.

రేఖ మీద రెండు బిందువుల మధ్య దూరం కావాలంటే కుడిదానిలోంచి ఎడమది తీసేయాలి. −2వ సెల్లార్ నుంచి 5వ అంతస్తుకు 5 − (−2) = 7 అంతస్తులు ఎక్కాలి. ఇది పనిచేయాలంటే మధ్యలో 0 ఉండి తీరాలి. మన దగ్గర గ్రౌండ్ ఫ్లోరే ఆ సున్నా. అమెరికా భవనాల్లో నేల అంతస్తునే 1 అని లెక్కపెట్టడం మామూలు, అక్కడ ఇదే తీసివేత చేస్తే ఒకటి ఎక్కువొస్తుంది. చరిత్రలోనూ ఇదే చిక్కు. రోమన్ చక్రవర్తి అగస్టస్ పాలన క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 వరకు. 14 − (−27) = 41 అని వస్తుంది, కానీ క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది, సున్నా సంవత్సరం లేదు. ఒకటి తగ్గించి 40 ఏళ్లు అనాలి.

మూడో మెట్టు: మైనస్ చేసే రెండు పనులను విడదీయడం

మొత్తం వ్యవహారానికి కీలకం ఇదే. కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

మైనస్ గుర్తు ఒక్కోసారి సంఖ్యలో భాగం, ఒక్కోసారి "తీసేయి" అనే ఆజ్ఞ. లెక్కలో మొదట్లోనో, బ్రాకెట్ తెరవగానేనో, గుణకారం లేదా భాగహారం గుర్తు వెంటనేనో వస్తే అది సంఖ్య గుర్తు. రెండు సంఖ్యల మధ్య ఒంటరిగా ఉంటే అది తీసివేత. మొదటి రకాన్ని ఎర్ర పెన్నుతో, రెండో రకాన్ని నీలం పెన్నుతో రాయండి. −3 − 5 లో మొదటి మైనస్ ఎరుపు, రెండోది నీలం. 8 − (−2) లో మొదటిది నీలం, బ్రాకెట్లోది ఎరుపు. ఓ ఇరవై లెక్కలు రెండు రంగుల్లో చేశాక రంగులు వదిలేయవచ్చు, కన్ను తనంతట తానే వేరుచేస్తుంది. రెండు గుర్తులు పక్కపక్కనే వస్తే బ్రాకెట్ మాత్రం ఎప్పటికీ వదలొద్దు. 8 − −2 అని రాస్తే హడావిడిలో ఒక గీత కనిపించకుండా పోతుంది.

నాలుగో మెట్టు: కూడిక

చేతిలో ఉన్న డబ్బు ధనం, తీర్చాల్సిన అప్పు రుణం అనుకోండి. క్రీ.శ. 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతం రాసిన బ్రహ్మగుప్తుడు కూడా ఈ పేర్లతోనే కూడిక, తీసివేత, గుణకారాల నియమాలు చెప్పాడు.

గుర్తులు ఒకటే అయితే సంఖ్యలు కూడి అదే గుర్తు ఉంచాలి. మూడు రూపాయల అప్పు, ఇంకో ఐదు రూపాయల అప్పు కలిస్తే ఎనిమిది రూపాయల అప్పే: (−3) + (−5) = −8. గుర్తులు వేరైతే పరమ మూల్యాల్లో పెద్దదానిలోంచి చిన్నది తీసి, పెద్దదాని గుర్తు పెట్టాలి: (−9) + 4 = −5, 9 + (−4) = 5.

పొడవాటి వరుసల్లో ఎడమ నుంచి ఒక్కొక్కటీ చేసుకుంటూ పోతే మధ్యలో ఎక్కడో గుర్తు జారిపోతుంది. −8 + 15 − 6 + 3 − 11 లాంటిదాన్ని రెండు కుప్పలు చేయండి. ధనాలు 15 + 3 = 18. రుణాలు 8 + 6 + 11 = 25, అంటే −25. రెండూ కలిపితే −7. గుర్తు నిర్ణయించాల్సింది చివర్లో ఒక్కసారే.

ఐదో మెట్టు: తీసివేతను కూడికగా మార్చడం

తీసివేతకు వేరే నియమం నేర్చుకోనక్కర్లేదు. నీలం మైనస్‌ను ప్లస్ చేయండి, దాని తర్వాతి సంఖ్య గుర్తు తిప్పండి. ముందున్న సంఖ్య జోలికి వెళ్లొద్దు.

−3 − 5 = −3 + (−5) = −8
8 − (−2) = 8 + 2 = 10
−6 − (−18) = −6 + 18 = 12

మూడోది ఉష్ణోగ్రత లెక్క అనుకోవచ్చు. రాత్రి −18 డిగ్రీలు, పగలు −6 డిగ్రీలు ఉంటే తేడా 12 డిగ్రీలు. ఎక్కువమంది ఇక్కడ మొదటి సంఖ్య గుర్తు కూడా తిప్పేసి 6 + 18 = 24 అంటారు.

రుణాన్ని తీసేస్తే ఎందుకు పెరుగుతుంది? నీట్ మార్కుల్లో చూడండి. 180 ప్రశ్నలు, సరైన జవాబుకు +4, తప్పుకు −1. ఒక అభ్యర్థికి 120 ఒప్పులు, 45 తప్పులు, 15 వదిలేసినవి. మొత్తం 120 × 4 + 45 × (−1) = 480 − 45 = 435. ఇప్పుడు ఒక తప్పు జవాబుకు పడిన −1ని తీసేశారనుకుందాం: 435 − (−1) = 436. అదే, కీ మారి ఆ జవాబు ఒప్పయితే −1 పోయి +4 వస్తుంది. పెరిగేది 4 − (−1) = 5 మార్కులు, నాలుగు కాదు. ఒక ప్రశ్న తప్పు చేయడానికీ ఒప్పు చేయడానికీ మధ్య తేడా ఐదు మార్కులని గమనించని అభ్యర్థులు చాలామందే ఉంటారు.

బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలున్న ప్రతి గుర్తూ మారాలి. 10 − (4 − 7) = 10 − 4 + 7 = 13. మొదటిది మాత్రమే మార్చి 10 − 4 − 7 = −1 అనడం మామూలుగా జరిగే పొరపాటు. లోపలిది ముందు చేసి సరిచూసుకోండి: 4 − 7 = −3, 10 − (−3) = 13.

ఆరో మెట్టు: గుణకారం, ఘాతాలు

"మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" చెల్లేది ఇక్కడే. ఎందుకో తెలిస్తే దాన్ని వేరేచోట వాడే పొరపాటు తగ్గుతుంది. (−3) × 5 = −15 అన్నది సులువే, మూడు రూపాయల అప్పు ఐదుసార్లు. మరి (−3) × (−5)? 5 + (−5) = 0 కాబట్టి (−3) × [5 + (−5)] కూడా 0 కావాలి. బ్రాకెట్ విప్పితే (−3) × 5 + (−3) × (−5) = 0. మొదటి భాగం −15. దానికి ఎంత కలిపితే సున్నా అవుతుంది? +15. వేరే జవాబు రావడానికి వీల్లేదు. పిల్లలకు ఈ వాదన బరువనిపిస్తే వరుస రాసి చూపండి: (−3) × 2 = −6, (−3) × 1 = −3, (−3) × 0 = 0. ప్రతి మెట్టుకూ 3 పెరుగుతోంది, తర్వాతిది (−3) × (−1) = 3 అని వాళ్లే చెబుతారు.

చాలా సంఖ్యలు గుణించాల్సి వస్తే మైనస్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. సరి సంఖ్యలో ఉంటే లబ్ధం ధనం, బేసి అయితే రుణం. (−2) × (−1) × 3 × (−5) లో మూడు మైనస్‌లు, కాబట్టి −30.

ఘాతాల దగ్గర బ్రాకెట్‌దే పెత్తనం. (−3)² = 9, కానీ −3² = −9. రెండోదాంట్లో వర్గం 3కి మాత్రమే, మైనస్ బయట ఉంది. ఎక్సెల్‌లో =-3^2 అని కొడితే మాత్రం 9 వస్తుంది, అది మైనస్‌ను ముందే సంఖ్యకు అతికించేస్తుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో -3**2 అంటే −9. అందుకే ఎక్కడైనా సరే బ్రాకెట్ పెట్టి కొట్టండి.

మామూలు దుకాణం క్యాలిక్యులేటర్‌తో ఇంకో తంటా ఉంది. 5 × − 3 అని వరుసగా నొక్కితే చాలావాటిలో చివర నొక్కిన మైనస్ మాత్రమే పనిచేసి 5 − 3 = 2 చూపిస్తుంది. +/− మీట ఉంటే 3 నొక్కాక దాన్ని నొక్కండి. లేకపోతే గుర్తులు వదిలేసి గుణించి, గుర్తు మీరే పెట్టుకోండి.

ఏడో మెట్టు: భాగహారం, శేషం, క్రమం

గుర్తుల నియమం గుణకారానిదే. −84 ÷ 7 = −12, సరిచూడాలంటే −12 × 7. సున్నాను దేనితో భాగించినా 0, సున్నాతో మాత్రం దేన్నీ భాగించకూడదు. −5 ÷ 0 కి జవాబు ఉందంటే, దాన్ని 0తో గుణిస్తే −5 రావాలి. అలాంటి సంఖ్య లేదు. 0 ÷ 0 అయితే ఏ సంఖ్యైనా సరిపోతుంది కాబట్టి ఒక్క జవాబంటూ తేలదు. బ్రహ్మగుప్తుడు దాన్ని 0 అన్నాడు, కానీ ఆ మాట ఇప్పటి గణితంలో నిలవలేదు.

రుణ సంఖ్యను భాగించినప్పుడు శేషం ఎంతన్నది బడి పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లను మాత్రం ఇది బాగా ఇబ్బంది పెడుతుంది. గణితంలో శేషం 0 కంటే తక్కువ కాకూడదు. −7 ని 3తో భాగిస్తే, −7 = 3 × (−3) + 2. భాగఫలం −3, శేషం 2. పైథాన్ ఇదే ఇస్తుంది. సి, జావా భాషల్లో భాగఫలం −2, శేషం −1 వస్తుంది. ఈ రోజు బుధవారమైతే 100 రోజుల కిందట ఏ వారం? −100 = 7 × (−15) + 5, అంటే బుధవారం నుంచి ఐదు రోజులు ముందుకు లెక్కపెట్టాలి: సోమవారం.

క్రమం విషయంలో బోడ్మాస్ (బ్రాకెట్, ఘాతం, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేతల ఇంగ్లిష్ అక్షరాలు) అందరికీ గుర్తే ఉంటుంది, చిక్కంతా ఆ అక్షరాల వరుసతోనే. కూడిక అక్షరం ముందు, తీసివేత అక్షరం వెనక ఉన్నాయని 12 − 5 + 3 లో ముందు 5 + 3 చేసి 4 అనేస్తారు. కూడిక, తీసివేతలది ఒకే స్థాయి, ఎడమ నుంచి కుడికి చేయాలి: 7 + 3 = 10. గుణకార భాగహారాలదీ ఇదే పద్ధతి. 20 − 4 × (−3) + (−18) ÷ 6 లో ముందు గుణకారం −12, భాగహారం −3. ఇప్పుడు 20 − (−12) + (−3) = 29.

ఎనిమిదో మెట్టు: జల్లెడ పట్టి ప్రధాన సంఖ్యలు తీయడం

1 కంటే పెద్దదై, 1తోనూ తనతోనూ తప్ప మరే సహజ సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగించబడనిది ప్రధాన సంఖ్య. ఇంకా కారణాంకాలు ఉంటే సంయుక్త సంఖ్య. 1 ఈ రెండింటిలో ఏదీ కాదు. 1ని ప్రధాన సంఖ్యల్లో చేరిస్తే 12 = 2 × 2 × 3 అని ఒకే విధంగా రాయడం కుదరదు, ముందు ఎన్ని 1లైనా పెట్టవచ్చు. రుణ సంఖ్యలను ప్రధాన సంఖ్యలనరు. −12 ని విడదీయాల్సి వస్తే −1 × 2 × 2 × 3 అని రాస్తారు.

100 లోపు జాబితా బట్టీ పట్టేకంటే ఒకసారి చేత్తో తీయడం మేలు. ఈ పద్ధతి క్రీ.పూ. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న ఎరటోస్తనీస్ పేరు మీద ఉంది.

పది వరుసలు, వరుసకు పది గళ్లు గీసి 1 నుంచి 100 రాయండి. 1ని కొట్టేయండి. 2 చుట్టూ సున్నా చుట్టి, దాని గుణిజాలన్నీ 4 నుంచి కొట్టేయండి. వరుసకు పది గళ్లే కాబట్టి ఇవి నిలువు వరుసలుగా పోతాయి, మొత్తం 49. తర్వాత 3 చుట్టూ సున్నా. దాని గుణిజాలు 9 నుంచి మొదలుపెట్టండి, కొత్తగా పోయేవి 16. ఆపై 5, 25 నుంచి మొదలు, కొత్తగా పోయేవి ఆరు: 25, 35, 55, 65, 85, 95. చివరగా 7, 49 నుంచి మొదలు, కొత్తగా పోయేవి మూడే: 49, 77, 91. ఈ అంకెలు మీ పట్టికతో సరిపోకపోతే ఎక్కడో గడి దాటేశారన్నమాట. 49 + 16 + 6 + 3 = 74, దానికి 1 కలిపితే 75. మిగిలిన 25 ప్రధాన సంఖ్యలు:

2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61, 67, 71, 73, 79, 83, 89, 97.

పదేసి చొప్పున చూస్తే వీటి లెక్క 4, 4, 2, 2, 3, 2, 2, 3, 2, 1. పరీక్ష హాల్లో జాబితా సరిచూసుకోవడానికి ఈ పది అంకెలు ఫోన్ నంబరులా గుర్తుంటే చాలు.

7 దగ్గరే ఎందుకు ఆగాం? 100 లోపు సంయుక్త సంఖ్యను రెండు కారణాంకాల లబ్ధంగా రాస్తే, రెండూ 10 దాటి ఉండలేవు, దాటితే లబ్ధం 100 మించిపోతుంది. కాబట్టి కనీసం ఒకటి 10 లోపు ఉంటుంది, అది ఈసరికే జల్లెడలో దొరికి ఉంటుంది. 200 దాకా కావాలంటే 11, 13లతో కూడా జల్లెడ పట్టాలి, అప్పుడు మొత్తం 46 మిగులుతాయి.

తొమ్మిదో మెట్టు: ఇచ్చిన సంఖ్య ప్రధానమా కాదా?

పై కారణమే ఇక్కడా పనికొస్తుంది. సంఖ్య వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 2027 తీసుకుందాం. 45² = 2025 కాబట్టి 43 వరకే పరీక్షించాలి.

బేసి, కాబట్టి 2 లేదు. అంకెల మొత్తం 11, కాబట్టి 3 లేదు. చివర 0 గానీ 5 గానీ కాదు, 5 లేదు. 7, 11, 13 మూడింటినీ ఒకే దెబ్బతో చూడవచ్చు, ఎందుకంటే 7 × 11 × 13 = 1001. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి, ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేస్తూ పోండి. 2027లో 27 − 2 = 25. ఇది 7, 11, 13లలో దేనితోనూ భాగించబడదు, కాబట్టి 2027 కూడా అంతే. మన లక్షల పద్ధతి కామాలను చూసి విడదీయకండి. 6,00,215 ని 600, 215 గా విడదీయాలి. 215 − 600 = −385. రుణం వచ్చిందని కంగారు వద్దు, −385 = −(5 × 7 × 11) కాబట్టి ఆ సంఖ్య 7తోనూ 11తోనూ భాగించబడుతుంది. ఇక్కడ గుర్తుతో పనిలేదు.

ఇక 17, 19, 23, 29, 31, 37, 41, 43 మిగిలాయి, వీటికి నేరుగా భాగహారమే. 2027కు శేషాలు వరుసగా 4, 13, 3, 26, 12, 29, 18, 6. ఎక్కడా సున్నా లేదు. 2027 ప్రధాన సంఖ్య. ఇదే పని 2021తో చేస్తే 41 దాకా ఏదీ భాగించదు, చాలామంది విసిగి ఆపేసి ప్రధానమని రాసేస్తారు. చివరి పరీక్షలో దొరుకుతుంది: 43 × 47 = 2021.

మోసం చేసే సంఖ్యలు కొన్ని ముందే తెలిసి ఉంటే మంచిది: 51 = 3 × 17, 57 = 3 × 19, 87 = 3 × 29, 91 = 7 × 13, 119 = 7 × 17, 133 = 7 × 19, 143 = 11 × 13, 221 = 13 × 17, 323 = 17 × 19.

అడ్డదారులతో జాగ్రత్త. 3 దాటిన ప్రధాన సంఖ్య ఏదైనా 6 గుణిజానికి ఒకటి ఎక్కువో తక్కువో ఉంటుందన్నది నిజం. దాన్ని తిరగేస్తే నిజం కాదు: 25, 35, 49, 55 కూడా అలాంటివే. అలాగే 2కి ఏదైనా ప్రధాన సంఖ్యను ఘాతంగా వేసి, వచ్చినదాంట్లోంచి 1 తీసేస్తే ప్రధానమే వస్తుందని కొందరు నమ్ముతారు. 3, 7, 31, 127 వరకు బాగానే నడుస్తుంది. 2¹¹ − 1 = 2047 దగ్గర దెబ్బతింటుంది, అది 23 × 89.

పదో మెట్టు: విడదీసి వాడుకోవడం

ప్రధాన కారణాంకాలుగా రాయాలంటే అతి చిన్న ప్రధాన సంఖ్యతో మొదలుపెట్టి, పోయినన్ని సార్లు భాగించి, తర్వాతిదానికి వెళ్లండి. 1246 = 2 × 623 = 2 × 7 × 89. 89 దగ్గర ఆగవచ్చు, తర్వాత ప్రయత్నించాల్సిన 11 వర్గం 121, అది 89ని దాటిపోయింది.

420 సెంటీమీటర్ల పొడవు, 360 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గదిలో ముక్క కోయకుండా పరిచే అతి పెద్ద చదరపు టైల్ ఎంత? 420 = 2² × 3 × 5 × 7, 360 = 2³ × 3² × 5. రెండింటిలోనూ ఉన్నవి తక్కువ ఘాతంతో తీసుకుంటే 2² × 3 × 5 = 60, ఇదే గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం). 60 సెంటీమీటర్ల టైల్స్ 7 × 6 = 42 కావాలి, సందుల సిమెంటు లెక్కలోకి తీసుకోకపోతే. అన్నింటినీ ఎక్కువ ఘాతంతో తీసుకుంటే 2³ × 3² × 5 × 7 = 2520, అది క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం). పరీక్షల్లో ఈ రెంటినీ తారుమారు చేస్తుంటారు. జవాబు ఇచ్చిన సంఖ్యలకంటే పెద్దదిగా ఉండే అవకాశం ఉందా, చిన్నదిగానా అని ముందే ఆలోచిస్తే ఆ ప్రమాదం ఉండదు.

విడదీయడం కష్టమైన సంఖ్యలకు యూక్లిడ్ పద్ధతి ఉంది: పెద్దదాన్ని చిన్నదానితో భాగించు, శేషంతో చిన్నదాన్ని భాగించు, సున్నా వచ్చేదాకా. 1763/2021 ని సూక్ష్మీకరించాలి. 2021లో 1763 పోగా 258. 1763ని 258తో భాగిస్తే శేషం 215. 258లో 215 పోగా 43. 215ని 43తో భాగిస్తే శేషం 0. గ.సా.భా. 43, భిన్నం 41/47. ఒక్క కారణాంకం కూడా వెతకలేదు చూడండి.

రెండు సంఖ్యల లబ్ధాన్ని గ.సా.భా.తో భాగిస్తే క.సా.గు. వస్తుంది. మూడు సంఖ్యలకు ఇది చెల్లదు. 4, 6, 10ల లబ్ధం 240, గ.సా.భా. 2, భాగిస్తే 120. అసలు క.సా.గు. 60.

చేసి చూడండి

−9 − 4 = −13. మీకు 13 వస్తే మూడో మెట్టుకు వెళ్లండి, −5 వస్తే నాలుగో మెట్టుకు.

−9 − (−4) = −5. మీకు −13 వస్తే తర్వాతి సంఖ్య గుర్తు తిప్పలేదు, 13 వస్తే ముందు సంఖ్య గుర్తు కూడా తిప్పేశారు.

6 − 2 × (−5) = 16. మీకు −20 వస్తే తీసివేత ముందు చేశారు, −4 వస్తే బ్రాకెట్లోని మైనస్ ఎక్కడో జారిపోయింది.

−5² + (−5)² = 0. మీకు 50 వస్తే ఆరో మెట్టు మళ్లీ చూడండి.

247 ప్రధానమా? కాదు, 13 × 19. ప్రధానం అనిపించిందంటే 11 దగ్గరే ఆపేసి ఉంటారు.

397 ప్రధానమా? అవును. 20² = 400 కాబట్టి 19 వరకు చూస్తే చాలు. 23తో కూడా భాగించి ఉంటే జవాబు చెడదు గానీ పని వృథా.

1517/1927 సూక్ష్మరూపం 37/47. యూక్లిడ్ పద్ధతిలో శేషాలు 410, 287, 123, 41, 0 రావాలి. మధ్యలో వేరే సంఖ్య వస్తే అక్కడే భాగహారం తప్పింది, మొదటి నుంచి చేయనక్కర్లేదు, ఆ వరుస నుంచి సరిచేసుకుంటే చాలు.